బూడిదమ్మ ఓడలో ఇనుప పెట్టె

పదకొండో భాగం

పోయిన వారం మనం బూడిదమ్మని నల్లరాళ్లకి రెండు బారల దూరంలో వదిలేసి వచ్చాం. అలా వదిలేసినందుకు కొందరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి గానీ ముందు ఓడ సంగతి చూద్దాం. ఓడకేమీ కాలేదు. మంచు విడిపోయి ఎదురుగా రాళ్లు కనపడగానే సరంగు చుక్కాని మొత్తం ఒక పక్కకి తిప్పేసింది. కింద ఇంజను గదిలో ఆమె మావగారు, పైనుంచి గంట మోగకముందే ఇంజనుని వెనక్కి తిప్పాడు. ఓడ ఒళ్లంతా వణికి ఆగింది. నష్టమల్లా తనిఖీ అధికారి చొక్కా మీద ఒలికిన టీ.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. బూడిదమ్మ యుద్ధకాలపు ఓడ. నీటి అడుగున పడుకుని, పైన ఇనుము కదిలితే పసిగట్టి పేలే మైన్లని వెతికి తీసెయ్యడం అప్పట్లో దాని పని. అందుకని దాన్ని చెక్కతో కట్టారు. మేకులు రాగివి, గొళ్లాలు ఇత్తడివి, ఇంజను కూడా చాలావరకు కంచుదే. యుద్ధం అయ్యాక ముప్ఫై మూడేళ్లు రేవు వాళ్ల గోదాముగా ఒక మూల పడి ఉంది. ఇప్పుడు ఫెర్రీ కంపెనీ దాన్ని కొని, అవతలి దీవికి జనాన్ని దాటించే ఓడగా మార్చింది. పైన తెల్లరంగు మూడు పూతలు వేసినా అడుగునుంచి పాత బూడిదరంగు తొంగిచూస్తూనే ఉంది. పేరు అలా వచ్చింది.

సరంగుకి ఇరవై తొమ్మిదేళ్లు. ఇదే ఆమె చేతికి వచ్చిన మొదటి ఓడ. ఇంజను డ్రైవరు ఆమె మావగారు, యుద్ధంలో ఇదే ఓడలో ఇదే ఇంజను దగ్గర పనిచేసినవాడు. ఆయన కొడుక్కి, అంటే ఆమె భర్తకి, బకెట్టులో నీళ్లు ఊగినా కళ్లు తిరుగుతాయి. అతను బజారులో బట్టలు కుట్టుకుంటున్నాడు. సముద్రం కోడలి వాటాకి వచ్చింది.

ఈ రోజు మధ్యాహ్నం పన్నెండులోపు తనిఖీ అధికారి సంతకం పెడితే రెండింటికి మొదటి ప్రయాణం. పెట్టకపోతే ఫైలు వెనక్కి పోతుంది, తిరిగి రావడానికి మూడు నెలలు. అన్నాళ్లూ దీవికి ఓడ లేదు. పాత లాంచీ కిందటి నెలే చిల్లుపడి ఒడ్డెక్కింది. మూడు నెలల తర్వాత చుక్కాని దగ్గర ఇంకెవరినో నిలబెడతామని కంపెనీ మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఇంతలో పొద్దున పరీక్ష ప్రయాణంలో ఓడ రాళ్ల మీదికి పోబోయింది. దాన్ని రేవుకి తెచ్చి కట్టాక, దిక్సూచి సరిచేసే ముల్లు మేస్త్రి ఒక ప్రశ్న వేశాడు. "ఇనుము లేని ఓడలో ముల్లు ఎందుకు తప్పింది?" ఆ ప్రశ్న విన్నాక మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం మనం చూశాం. సరంగు కూడా చూసింది.

అప్పటికి టైము పదిన్నర.

* * *

చుక్కాని గది ఎంతంటే, నలుగురు నిలబడితే అయిదోవాడు ఊపిరి పీల్చుకోవడానికి బయటికి వెళ్లాలి. మధ్యలో చెక్క దిమ్మె, దాని మీద ఇత్తడి గిన్నెలో దిక్సూచి. రేవులో కట్టినప్పుడు ఓడ ముక్కు సూటిగా లైట్‌హౌసు వైపు ఉంటుంది. లైట్‌హౌసు సరిగ్గా ఉత్తరాన ఉంది, కాబట్టి ముల్లు కూడా అటే చూడాలి. అది మాత్రం లైట్‌హౌసుని వదిలేసి, దానికి కుడిపక్కన ఉన్న ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చూస్తోంది.

"మొన్న సాయంత్రం నేను సరిచేసి వెళ్లినప్పుడు బుద్ధిగా లైట్‌హౌసునే చూసింది," అన్నాడు ముల్లు మేస్త్రి. ముప్ఫై ఏళ్లుగా ఆ రేవులో ఏ ఓడ ముల్లూ ఆయన మాట జవదాటలేదు. అందుకని ఆయనకి ఇది ఇంటి పిల్ల లేచిపోయినంత అవమానంగా ఉంది. "దీనికిప్పుడు ఐసు మీదికి మనసెందుకు పోయిందో నాకు తెలియాలి."

"నాకు ముల్లుతో తగాదా లేదండీ," అన్నాడు తనిఖీ అధికారి, చొక్కా మీది టీ మరకని రుమాలుతో తుడుస్తూ. తుడిచేకొద్దీ అది పెద్దదవుతోంది. "ఓడని రాళ్ల మీదికి తీసుకెళ్లింది సరంగు. కారణం దొరికిందా, కారణం రాస్తాను. దొరకలేదా, సరంగు పొరపాటు అని రాస్తాను. పన్నెండింటికి నేను ఏదో ఒకటి రాయాలి కదమ్మా."

ఆయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఈపాటికి రాసేసి వెళ్లిపోయేవాడు.

"ముందు జేబుల్లో ఇనుమంతా బయటికి తియ్యండి," అన్నాడు మేస్త్రి.

సరంగు జేబులోంచి ఇంటి తాళాలు తీసింది. నాలుగు. పెళ్లయిన కొత్తలో అత్తయ్య తన నడుముకున్న గుత్తి ముందేసుకుని ఇది వీధి తలుపుది, ఇది బీరువాది అని చూపిస్తూ నాలుగింటికి జోడీలు చేయించి ఇచ్చింది. అయిదోదాన్ని వేలితో పక్కకి తోసి, "దీనికి తలుపు లేదులే," అంది. తలుపు లేని తాళంచెవి ఎందుకని కొత్త కోడలు అడగలేదు. అప్పటికి ఆమెకి వేరే భయాలు చాలా ఉన్నాయి, ఆ ఇంట్లో కిరసనాయిలు పొయ్యి వాటిలో ఒకటి.

తనిఖీ అధికారి దగ్గర కలం, గడియారం, చిన్న చాకు దొరికాయి. ఆఖరికి మేస్త్రి ఆయన చంకలోని గొడుగు వంక చూశాడు.

"గొడుగు కూడానా?"

"ఊచలు మీరేమైనా బంగారంతో చేయించుకున్నారా సార్?"

గొడుగు బయటికి పోయింది. ముల్లు వెంట్రుకవాసి కదిలి మళ్లీ ఐసు ఫ్యాక్టరీ దగ్గరే కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ మావయ్య మాత్రం జేబులు చూసుకోలేదు. ఈ ఓడ ఎక్కేముందు ఇనుమన్నదాన్ని ఒడ్డునే వదిలేసి రావడం ఆయనకి యుద్ధం నాటి అలవాటు. ప్యాంటుకి బెల్టు కూడా పెట్టుకోడు, నూలుతాడు కట్టుకుంటాడు. చలి ఉన్నా లేకపోయినా మెడలో ఆకుపచ్చ మఫ్లరు ఒకటి, అంచున తెల్లగీతతో. అది అత్తయ్య అల్లింది. ఆయన దాని కొసని మెలితిప్పుతూ నిలబడ్డాడు.

మేస్త్రి తన చిన్న దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని గది గోడల వెంబడి నడిచాడు. కిటికీ దగ్గర ఏమీ లేదు. గంట తాడు దగ్గర ఏమీ లేదు. దిమ్మె కింద జెండాలు దాచే అర ఒకటి ఉంది. అక్కడికి రాగానే చేతిలోని ముల్లు గిర్రున తిరిగి ఆ అర తలుపుకేసి చూసింది.

సరంగు మోకాళ్ల మీద కూర్చుని తలుపు తీసింది. మడతపెట్టిన జెండాల వెనకాల, ఇంజను తుడిచే పాత నూలుపోగుల్లో చుట్టి, తాడుతో కట్టిన మూట. అడ్డంగా రెండు చుట్లు, నిలువునా ఒకటి, కొసని లోపలికి మడిచిన ముడి. ఆ ముడి ఆమెకి తెలుసు. ఇంట్లో పాత పేపర్ల కట్ట నుంచి మనవరాలి బడి సంచీ దాకా అన్నిటికీ మావయ్య వేసేది అదే ముడి.

తాడు విప్పలేదు. మూటని ఒళ్లో పెట్టుకునే వెనక్కి తిరిగి, "ఒక్క పది నిమిషాలు. ఇంజను డ్రైవరుతో మాట్లాడాలి," అంది.

తనిఖీ అధికారి గడియారం బయట పెట్టిన సంగతి మర్చిపోయి మణికట్టు చూసుకున్నాడు. మేస్త్రి ఆయన్ని భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు.

* * *

వీళ్లిద్దరి మధ్య ఒక పద్ధతి ఉంది, చెప్పాలి. ఇంట్లో ఆయన ఆమెని "అమ్మాయ్" అంటాడు, ఆమె ఆయన మాటకి ఎదురు చెప్పదు. రేవు నుంచి ఓడకి వేసిన చెక్క పలక దాటారంటే ఆయన "సరంగుగారూ, మీరు" అంటాడు, ఆమె ఆయనకి ఆజ్ఞలిస్తుంది. సాయంత్రం పలక దిగగానే మళ్లీ అమ్మాయ్. రేవులో అందరూ దీన్ని చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్లే. వాళ్లిద్దరూ మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఇది మీరే పెట్టారా?" అంది.

"సరంగుగారు అడుగుతున్నారా, కోడలు అడుగుతోందా?"

"ఎవరడిగితే నిజం చెప్తారు?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కిటికీలోంచి రేవు కనపడుతోంది. దీవికి వెళ్లాల్సిన జనం పాతిక ముప్ఫై మంది మూటలూ సంచులూ పట్టుకుని కూర్చున్నారు. అందరికంటే ముందు దీవి నర్సమ్మ, ముప్ఫై నాలుగేళ్ల మనిషి. మందుల ట్రంకుపెట్టె కోసం ఈ ఒడ్డుకి వచ్చి, చేపల పడవల వాళ్లెవరూ దాన్ని ఎక్కించుకోక, మూడు రోజులుగా ఆ పెట్టె మీదే కూర్చుని వచ్చేపోయేవాళ్లందరినీ "ఓడెప్పుడు?" అని నిలదీస్తోంది.

"నేనే పెట్టాను," అన్నాడు మావయ్య. "నిన్న సాయంత్రం."

"ఇక్కడా? ముల్లు కిందా?" ఆమె గొంతు తనకే కొత్తగా వినపడింది. "ఇనుము సంగతి మీకంటే తెలిసినవాళ్లు ఈ రేవులో ఎవరున్నారు మావయ్యగారూ? ఆఖరికి బెల్టు కూడా పెట్టుకోరే మీరు! ఇదే మధ్యాహ్నం, ఆ జనమంతా ఎక్కాక జరిగుంటే?"

"అది మైన్ల కోసం అమ్మాయ్," అన్నాడు. ఓడలో ఆమెని ఆయన అమ్మాయ్ అనడం అదే మొదటిసారి. ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. "మైన్లు పోయాయి. యుద్ధం పోయింది. ఇంక ఈ ఓడలోకి ఇనుము రావచ్చు, ఎవరికీ ఏమీ కాదు అనుకున్నాను. ముల్లు సంగతి, ఒట్టు, గుర్తు రాలేదు. నా బతుకంతా కింద ఇంజను గదిలో గడిచింది. పైన దారి ఎలా చూస్తారో నేనెప్పుడు చూశాను?"

వినేవాళ్లకి నవ్వొచ్చే మాటే. కానీ ఆయన అన్నది నిజం. ఇనుముకి ఆయనకి తెలిసిన శత్రువు ఒక్క మైనే, అది చచ్చిపోయిందని నమ్మాడు. ముల్లుకి యుద్ధమూ లేదు, సంధీ లేదు. ఎప్పుడు ఇనుము దగ్గరికొచ్చినా దారి తప్పడమే దాని పని.

"అసలేమిటిది?" సరంగు మూట విప్పింది. లోపల అరచేతి వెడల్పున, మోచేతి పొడుగున ఇనుప పెట్టె. ఆకుపచ్చ రంగు సగం రాలిపోయింది. మూత మీద తెల్లగా పద్నాలుగు అని అంకె. ముందు చిన్న తాళం.

మావయ్య నేల మీద ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

"ఓడెక్కేముందు ఒక్కొక్కడికీ ఒక పెట్టె ఇచ్చేవాళ్లు. కత్తి, గడియారం, తాళాలు, ఒంటి మీద ఇనుమన్నదంతా అందులో పెట్టి, తాళం వేసి, రేవు గదిలో అప్పజెప్పి ఎక్కేవాళ్లం. ఆ తాళంచెవి కూడా ఇనుమేగా. దాన్ని కూడా తీసుకెళ్లనివ్వరు. ఒడ్డు మీద ఎవరో ఒకరి చేతిలో పెట్టి వెళ్లాలి. నేను మా అమ్మకిచ్చేవాణ్ని. ఇది మా వంటాయనది. వాడు ఎవరికిచ్చేవాడో చెప్పేవాడు కాదు. అడిగితే నవ్వేవాడు."

"ఏమయ్యాడు?"

"చిన్న పడవలో వెళ్లి మైనుకి తాడు వేసి రావాలి ఆ రోజు. అది నా వంతు. ముందురోజే ఇంజను గొట్టం తగిలి నా చెయ్యి కాలింది, తెడ్డు పట్టుకోలేను. 'ఒక్కపూట గరిటె నువ్వు పట్టు, తెడ్డు నేను పడతా' అని నా బదులు వాడు దిగాడు." ఆయన ఆ చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఆ రోజు వంట నేను చేశానమ్మాయ్. ఉప్పు రెండుసార్లు వేశాను. తెలిసి కూడా పారబొయ్యలేదు. వచ్చి తిడతాడు, అందరం నవ్వుకోవచ్చు అని అలాగే ఉంచాను."

ఆ పడవ తిరిగి రాలేదని ఆమెకి అర్థమైంది.

"రేవు గది మూసేసేటప్పుడు ఎవరి పెట్టెలు వాళ్లు పట్టుకుపోయారు, ఇదొక్కటే మిగిలింది. తెచ్చుకున్నాను. ఇన్నాళ్లూ వర్క్‌షాపులో నా పనిముట్ల కింద ఉంది. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు. ఏమని చెప్పను? నేను పోవాల్సింది, వాడు పోయాడనా? యుద్ధం అయిపోతే ఒక్కరోజు చుక్కాని పట్టుకోనివ్వమని అప్పటి సరంగుని అడుగుతానని తెగ ఉబలాటపడేవాడు. ఇవాళ మొదటి ప్రయాణం కదా, వాడి పెట్టయినా చుక్కాని దగ్గర ఉంటుందని పెట్టాను. అంతే."

కోపం సరంగుకి గొంతుదాకా వచ్చి అక్కడే నీరైపోయింది. పెద్దాయన ఆమె ముందు తలొంచుకుని కూర్చున్నాడు, జుట్టులో ఇంజను మసి. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే పది నిమిషాల్లో రెండు నిమిషాలు పోతాయని ఆపుకుంది.

"నా పేరు రాయించు," అన్నాడు మావయ్య. "నన్ను దింపెయ్యమను. నీ ఓడ నీకుండాలి."

"ఓడలో ఏముందో తెలుసుకోవాల్సింది సరంగు. నాకు తెలీలేదు. ఆయనకి నేను చెప్పేది అదే." ఆమె లేచి నిలబడింది. "పైగా మిమ్మల్ని దింపేస్తే, గంట కొట్టకముందే ఇంజను తిప్పేదెవరు? అసలు ఎలా తెలిసింది మీకు?"

"నీ కాళ్లు," అన్నాడాయన. "నువ్వు గదిలో ఎప్పుడూ పరిగెత్తవు. పరిగెత్తిన చప్పుడు వినపడింది, తిప్పేశాను."

సరంగు పెట్టెని రెండు చేతుల్తో ఎత్తుకుంది. "పదండి," అంది.

* * *

పెట్టె పలక దాటి ఒడ్డు మీదికి వెళ్లేసరికి, చుక్కాని గది కిటికీలోంచి ముల్లు మేస్త్రి కేక రేవంతా వినపడింది. "వచ్చేసింది! లైట్‌హౌసుకి వచ్చేసింది! ఐసు మోజు తీరింది దీనికి!" రేవులో జనానికి ఏం అర్థమైందో గానీ అందరూ చప్పట్లు కొట్టారు. మూడు రోజులుగా కొట్టడానికి వాళ్లకి ఇంకేమీ దొరకలేదు మరి.

సరంగు జరిగింది జరిగినట్టు చెప్పింది, ఒక్క మాట దాచకుండా. తప్పు తనదేనని చెప్పింది. తనిఖీ అధికారి విని, మావయ్య వంక చూసి, గొంతు సవరించుకున్నాడు.

"కారణం దొరికింది, తొలగించారు. సంతకం పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఓడలోంచి దింపిన వస్తువేమిటో కాగితంలో రాయాలి. యుద్ధకాలపు పెట్టె అంటున్నారు. లోపల మందుగుండు ఏదైనా ఉంటే? నేను ఊహించి రాయలేనమ్మా. తెరవండి, చూస్తాను, రాస్తాను."

"తాళంచెవి లేదండీ."

"అయితే పగలగొట్టండి. పన్నెండుకి ఇంకో ఇరవై నిమిషాలే ఉంది."

ఓడ ఇత్తడి రెయిలింగు అతికిన వెల్డరు అక్కడే ఉన్నాడు. సుత్తీ ఉలీ తెచ్చాడు. ఇంతలో మావయ్య వెళ్లి ఆ పెట్టె మీద కూర్చున్నాడు. చిన్న పెట్టె, పెద్ద మనిషి, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"దీని మీద సుత్తి పడకూడదు," అన్నాడు. "వాడు ఎవరినో నమ్మి చెవి ఇచ్చి వెళ్లాడు. ఆ మనిషి తియ్యాలి. ముప్ఫై మూడేళ్లు నేను వెయ్యని సుత్తి, కాగితం కోసం వెయ్యమంటారా?"

అందరూ సరంగు వంక చూశారు. వచ్చిన చిక్కేమిటంటే వాళ్లిప్పుడు పలకకి ఇవతల, ఒడ్డు మీద ఉన్నారు. ఇక్కడ ఆయన మావగారు. ఆజ్ఞ చెల్లదు.

ఆమె ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "మావయ్యగారూ, ఆ నర్సమ్మని చూడండి. ఆ ట్రంకులో ఉన్నవి దీవిలో జ్వరాలొచ్చిన పిల్లల మందులు. మీ వంటాయన ఈ దారిలో మైన్లు తీసింది ఎందుకు? ఇలాంటి ఓడలు వెళ్లాలనే కదా. తాళం విరిగినా పెట్టె మీ దగ్గరే ఉంటుంది. ఓడ ఆగిపోతే ఆయన చేసిన పని కూడా ఆగిపోయినట్టే."

తనిఖీ అధికారి కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. అప్పుడు మావయ్య మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచాడు. లేచి అటు తిరిగి నిలబడ్డాడు, చూడలేక.

వెల్డరు ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు. వెనకాల ఏదో దడాలున కిందపడింది. క్యారియరు. గిన్నెలు నాలుగూ నాలుగు వైపులా దొర్లాయి.

"ఆగు నాయనా!"

అత్తయ్య. రోజూ పదకొండున్నర దాటాక మావయ్యకి క్యారియరు తెచ్చి, రేవు చివర నిలబడి, చేయి చాపి అందించి వెళ్లిపోతుంది. ఎన్ని సార్లు పిలిచినా బూడిదమ్మ పలక మీద కాలు పెట్టలేదు, మోకాళ్ల నొప్పులని ఒకసారి, పొయ్యి మీద పాలున్నాయని ఒకసారి. ఇప్పుడు ఆవిడ ఒలికిన అన్నం వంక కూడా చూడకుండా నడిచి వచ్చింది. మూత మీద పద్నాలుగు అంకెని వేలితో తడిమింది. నడుము దగ్గర గుత్తి తీసి, నాలుగు చెవుల్ని పక్కకి తోసి, అయిదోదాన్ని పట్టుకుంది.

తలుపు లేని తాళంచెవి అదేనని సరంగుకి గుర్తొచ్చింది.

మావయ్య వెనక్కి తిరిగాడు. "నీ దగ్గరుందా?" అన్నాడు.

"మీ దగ్గరుందా?" అంది ఆవిడ. ఆవిడ గొంతులో కోపం లేదు, వట్టి ఆశ్చర్యం. "మా నాన్న ఆ రేవు గదిలో గుమస్తా అని మీకు తెలుసు. మీరంతా ఇచ్చే పెట్టెలు ఎత్తి పెట్టేది నేనే. వంటాయన పోయాక, ఆ గది మూసేస్తున్నారని తెలిసి చెవి పట్టుకుని వెళ్లాను, పెట్టె లేదు. పై అధికారులు పట్టుకుపోయారనుకున్నా. ఎవరైనా ఆయన పేరెత్తితే చాలు మీరు లేచి వెళ్లిపోయేవారు. ఇంక నేనేం చెప్పను?"

ముప్ఫై ఒక్కేళ్ల కాపురం. పెట్టె ఆయన పనిముట్ల కింద, తాళంచెవి ఆవిడ నడుముకి. రెండింటి మధ్యా నడిస్తే పావుగంట దూరం.

"లోపల ఏముందో మీకు తెలుసా అమ్మా?" తనిఖీ అధికారి మెల్లగా అడిగాడు.

"రాసుకోండి బాబూ. మడత కత్తి ఒకటి. ఇనప గరిటె ఒకటి. ఇంటి తాళంచెవులు రెండు. అల్లిక సూదులు రెండు."

చెవి తిరగనంది. మావయ్య జేబులోంచి నూనె గుడ్డ తీసి తాళం మీద పిండాడు. ఆవిడ ఆయన చేతిని కూడా చెవి మీదికి లాక్కుంది. రెండోసారికి తాళం టక్కుమంది. మూత లేచింది. కత్తి, గరిటె, చెవులు, సూదులు, చెప్పింది చెప్పినట్టు ఉన్నాయి.

"సూదులకి ఏదో ఉన్నట్టుంది," అన్నాడు అధికారి.

"ఊలు."

"ఇనుము కాదు కాబట్టి రాయక్కర్లేదు," అన్నాడాయన. పెట్టె మీదే కాగితం ఆనించి సంతకం పెట్టి, తారీకు వేసి, సరంగు చేతిలో పెట్టాడు. పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. మేస్త్రి గొడుగు తెచ్చి ఇచ్చాడు. ఆయన దాన్ని చంకన పెట్టుకుని, అక్కణ్నుంచి ఎటో చూస్తూ కాస్త దూరంగా జరిగాడు.

సరంగు కాగితం చూసుకుంది. దాని మీద తన పేరు, ఓడ పేరు పక్కపక్కన. సంతోషంతో కళ్లు మసకబారాయి. అయినా ఆమె చూపు మళ్లీ పెట్టెలోకే పోయింది.

సూదుల మీద సగం అల్లిన మఫ్లరు. ఆకుపచ్చది. అంచున తెల్లగీత. మావయ్య చెయ్యి తనకు తెలియకుండానే తన మెడ మీదికి పోయింది. అదే ఊలు, అదే గీత. పెట్టెలోది మాత్రం నాలుగు వేళ్ల వెడల్పు. చంటిబిడ్డ మెడకి సరిపోయేంత.

"దీవిలో ఇల్లాలుందని, నెలలు నిండుతున్నాయని నాకొక్కదానికే చెప్పాడు," అంది అత్తయ్య. "బిడ్డ పుట్టాక మీ అందరికీ మిఠాయి పంచి చెప్తానన్నాడు. ఇది సగం అల్లి ఇచ్చాను. మిగతా సగం మా ఆవిడ అల్లుతుందిలే అని సూదుల్తో సహా ఇందులో పెట్టుకున్నాడు, సెలవుకి వెళ్లేటప్పుడు పట్టుకెళ్దామని."

మావయ్య ఆ అల్లిక మీదికి వంగాడు. "బిడ్డ ఉందా? ఎక్కడుంది?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని కోడలి వైపు తిరిగింది.

"నాకూ ఒక టిక్కెట్టు ఇవ్వమ్మాయ్. ఓడెక్కుతాను."

"దీవిదాకానా అత్తయ్యా?"

"అంతదూరం అక్కర్లేదేమో. ఎక్కితే చాలు." గొంతు తగ్గించింది. "పెంచినవాళ్లు ఆ పిల్లకి కన్నవాళ్లెవరో ఇంతవరకూ చెప్పలేదు. నేనే చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీకే ఇన్నాళ్లూ ఆ ఓడ వంక చూడలేకపోయాను."

అంతలో సంతకం అయిందన్న మాట రేవంతా పాకిపోయింది. జనం మూటలెత్తుకున్నారు. అందరికంటే ముందు నర్సమ్మ, మందుల ట్రంకుని ఒక పక్క తాను పట్టుకుని, రెండో పక్క వెల్డరు చేతికి అంటగట్టి, దారి తియ్యండి దారి తియ్యండి అంటూ పలక దగ్గరికి వచ్చేసింది. అత్తయ్య మూత వెయ్యబోయింది. సగంలో ఆగి నర్సమ్మ వంక చూసింది.

నర్సమ్మ తెరిచి ఉన్న పెట్టె ముందు ఆగింది. ట్రంకు కింద పెట్టింది. వంగి, ఆ చిన్న ఆకుపచ్చ అల్లికని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, నవ్వు మొహంతో అందర్నీ ఒకసారి చూసింది.

"ఎంత ముద్దుగా ఉందో! సగంలో వదిలేశారే పాపం. ఎవరిదండీ ఈ పెట్టె?"